చింతపండు సీజన్‌లో సర్వర్ లాకైంది: రాయగడ స్టేషను రోడ్డు షాపు గురించి

సర్వర్ పనులు చేస్తారని ఈ షాపు బోర్డు మీద ఎక్కడా కనిపించదు. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ప్రింటర్ రిపేరు, కార్ట్రిడ్జ్ రీఫిల్, సీసీ కెమెరాలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అని మాత్రమే రాసి ఉంటుంది. రాయగడ స్టేషను రోడ్డులో కింద మొబైల్ కవర్లు అమ్మే కొట్టు, పక్కన ఇరుకు మెట్లు, పైన ఈ షాపాయన. షాపు పేరు నేను రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు. "పేరు వేశారంటే రేపట్నుంచి అందరూ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మర్చిపోయామని మెట్లెక్కుతారమ్మా" అన్నాడు. ఊళ్లో వాళ్లకి ఈ గుర్తులు చాలు.

మాది అటవీ సరుకు హోల్‌సేల్ వ్యాపారం. చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు. కాశీపూర్, బిసంకటక్ వైపు నుంచి, చాటికోన బుధవారం సంత నుంచి సరుకు వస్తుంది. కొనేవాళ్లు ఎక్కువగా పార్వతీపురం, విజయనగరం వాళ్లు, కొందరు తమిళనాడు వాళ్లు. పెళ్లయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి లెక్కలు నా చేతిలోనే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక వెబ్‌సైటు పెట్టించాం. పెద్ద హంగేమీ లేదు. ఏ లాటులో ఎన్ని బస్తాలున్నాయి, గింజ తీసినదెంత, గింజతో ఉన్నదెంత, ఈ రోజు రేటెంత, అంతే. కొనేవాళ్లు ఫోనులో చూసుకుని మావయ్యగారికి ఫోన్ చేస్తారు. రేట్లు మార్చే పేజీ వేరు, దాంట్లోకి నేను మాత్రమే వెళ్తాను.

ఇదంతా ముంబయిలో ఉన్న ఒక అద్దె సర్వర్ మీద నడుస్తుంది. ఉబుంటు 22.04 అనే లినక్స్ సిస్టమ్, దాని మీద వెబ్ పేజీలు చూపించే అపాచీ అనే ప్రోగ్రాము. ఈ మాటలు నాకు మొదట్నుంచీ తెలుసనుకోకండి. ఈ గొడవలో నేర్చుకున్నవే.

మా తోటికోడలి తమ్ముడు భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పండక్కి వచ్చి మా ఆఫీసు కంప్యూటర్లో సర్వర్ లాగ్ (సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో రాసి ఉండే ఫైలు) తెరిచాడు. ఎవరెవరో రూట్ అని, అడ్మిన్ అని పేర్లు పెట్టి లోపలికి రావడానికి ప్రయత్నిస్తున్నట్టు పేజీలకు పేజీలు ఉంది. వాడికి టెన్షన్ పట్టుకుంది. (22వ పోర్టు, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే తలుపు, తెరిచి ఉన్న ఏ సర్వర్‌నైనా ఇంటర్నెట్‌లో ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఇలా తడుతూనే ఉంటాయట. ఆ లాగ్ చూసి షాపాయన కనీసం కనుబొమ్మ కూడా ఎత్తలేదు.) "అక్కా, సెక్యూరిటీ గట్టిగా చేసేస్తాను" అని రెండు చోట్ల చేయి పెట్టాడు. ఒకటి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెట్టింగు. సర్వర్‌లోకి ఎవరు రావచ్చో చెప్పే 'అలౌ యూజర్స్' అనే లైనులో కొత్త పేరొకటి రాశాడు. ఆ పేరుతో యూజర్‌ని తర్వాత సృష్టిద్దామనుకున్నాడు, సృష్టించలేదు. రెండోది రేట్ల పేజీకి ఇంకో పాస్‌వర్డ్ పెట్టె. రీస్టార్ట్ కొట్టి, కంప్యూటర్ కట్టేసి, రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు.

ఎస్‌ఎస్‌హెచ్ రీస్టార్ట్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ తెగదు. అందుకే చేస్తున్నంతసేపూ వాడికి అంతా బాగానే కనిపించింది. కంప్యూటర్ కట్టేసిన క్షణం నుంచి మాత్రం ఆ సర్వర్‌లోకి వెళ్లగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు.

పొద్దున్న రేటు మార్చబోతే పాస్‌వర్డ్ పెట్టె వచ్చింది. కొడితే 500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్. సరైనది కొట్టినా అదే, కావాలని తప్పు కొట్టినా అదే. సైటు పూర్తిగా ఆగిపోయి ఉంటే బాగుండేది. కొనేవాళ్లు చూసే పేజీ చక్కగా నడుస్తోంది, పాత రేటుతో! సీజన్ ఊపులో ఉంది, కిలోకి పదకొండు రూపాయల తేడా వచ్చేసింది. సేలం పార్టీ ఒకాయన స్క్రీన్‌షాట్ పంపి, మీ సైటులో ఉన్న రేటే ఇవ్వాలని పట్టుబట్టాడు. మావయ్యగారు ఫోను నా చేతిలో పెట్టి "అమ్మా, నువ్వే చెప్పు" అని గోదాములోకి వెళ్లిపోయారు.

సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీ చాట్‌లో అడిగాను. సర్వర్ లోపల ఏముందో తాము చూడమని, కావాలంటే ప్యానెల్‌లోంచి (వాళ్ల సైటులో మన సర్వర్‌ని నడిపించుకునే పేజీ) ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని సమాధానం. అలా చేస్తే డిస్కు మొత్తం చెరిగిపోతుంది. బ్యాకప్ ఉంది కానీ, మొదట సైటు కట్టిన అబ్బాయి దాన్ని అదే డిస్కులో పెట్టి వెళ్లాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది వాళ్ల సలహా. ఇంకా ఒళ్లు మండే సంగతి ఏంటంటే, అదే ప్యానెల్‌లో ఇంకో రెండు మెనూల కింద రెస్క్యూ మోడ్ అని ఒక బటన్ ఉంది. చాట్‌లో ఉన్నవాళ్లు దాని పేరైనా ఎత్తలేదు. విశాఖలో ఒకాయన్ని ఫోనులో అడిగితే పదిహేను వేలు, ప్యానెల్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపండి అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఇక ఈ షాపు సంగతి. మా ప్రింటర్ రిపేర్లకి వచ్చే కుర్రాడే "మా సార్‌కి సర్వర్లు కూడా వచ్చండి" అంటే వెళ్లాను. ఆయనది గుణుపురం. తెలుగు, ఒడియా రెండూ సమానంగా మాట్లాడతాడు. కుర్రాళ్లని ఒడియాలో కసురుకుంటాడు, కస్టమర్లకి తెలుగులో సర్దిచెబుతాడు.

నేను చెప్పిందంతా విని ఆయన మొదట అడిగింది సర్వర్ గురించి కాదు. "ఈ సర్వర్ మీదేనని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. కొంచెం కోపమొచ్చింది. కానీ ఆయన మాట న్యాయమే. లాకైన సర్వర్ తెరిచిపెట్టమని వచ్చినవాళ్లందరికీ తెరిచిపెడితే అది రిపేరు కాదు, దొంగతనం అవుతుంది. హోస్టింగ్ కంపెనీ ఇన్‌వాయిస్ మావయ్యగారి పేరు మీద ఉంది, అది చూపించాను. ప్యానెల్‌లోకి ఆయన ఎదుటే లాగిన్ అయ్యాను, ఓటీపీ నా ఫోనుకి వచ్చింది. పాస్‌వర్డ్ ఆయన అడగలేదు సరికదా, నేను కొడుతుంటే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఈ ఒక్క విషయానికే ఆయనకి రెండు నక్షత్రాలు ఇచ్చేస్తాను.

తర్వాత సర్వర్ పవర్ ఆఫ్ చేయించి స్నాప్‌షాట్, అంటే డిస్కు మొత్తానికి కాపీ, తీయించాడు. నడుస్తుండగా తీస్తే సగం రాసిన డేటా అలాగే పట్టుబడుతుందట, ఆపి తీస్తే శుభ్రంగా వస్తుందట. అది పూర్తయ్యేదాకా దేన్నీ ముట్టుకోలేదు. నేను తొందరపెట్టాను. "ఇప్పుడు ఎవరు ఏం పాడుచేసినా మళ్లీ ఇక్కడికి రావచ్చు. ఇది లేకుండా నేను చేయనమ్మా" అని టీ తెప్పించాడు.

బ్రౌజర్‌లోంచే సర్వర్ తెర చూపించే కన్సోల్ ఒకటి ప్యానెల్‌లో ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగు దానికి వర్తించదు. కాబట్టి యూజర్ పాస్‌వర్డ్ తెలిస్తే అక్కడి నుంచే లోపలికి పోవచ్చు. మాకు ఆ దారీ లేదు, ఎందుకంటే మా సర్వర్‌లో ఎవరికీ పాస్‌వర్డ్ పెట్టలేదు. మొదట్నుంచీ ఆఫీసు కంప్యూటర్లో ఉన్న కీ ఫైలుతోనే (పాస్‌వర్డ్ బదులు తాళంలా పనిచేసే ఫైలు) నడిచింది. ఉబుంటులో రూట్ ఖాతా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా, మామూలుగానే మూసి ఉంటుంది. ఇక మిగిలింది రెస్క్యూ మోడ్. అందులో సర్వర్ తన డిస్కు నుంచి కాకుండా కంపెనీ ఇచ్చే వేరే చిన్న లినక్స్‌తో లేస్తుంది. మన డిస్కు పక్కన ఊరికే ఒక డిస్కులా కనబడుతుంది. దాన్ని కలుపుకుంటే (మౌంట్ అంటారు) ఫైళ్లన్నీ తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు.

ఇక్కడ నాకు నచ్చింది ఆయన పద్ధతి. లోపలికి వెళ్లగానే ఏదో ఒకటి మార్చేయలేదు. ముందు లాగ్‌లు తెరిచాడు. లాగిన్ లాగ్‌లో కారణం స్పష్టంగానే ఉంది: ఈ యూజర్ పేరు అలౌ యూజర్స్‌లో లేదు కాబట్టి అనుమతి లేదు. అపాచీ ఎర్రర్ లాగ్‌లో ఇంకోటి: పాస్‌వర్డ్ ఫైలు తెరవలేకపోయాను. ఏ ఫోల్డర్‌లో వెతికిందో కూడా పక్కనే రాసి ఉంది. చూస్తే అది మా సైటు ఫోల్డర్ కానే కాదు, ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని అపాచీ2 ఫోల్డర్.

ఎందుకలా అంటే, మా వాడు హెచ్‌టీయాక్సెస్ ఫైలులో (ఒక ఫోల్డర్‌లోకి ఎవరు రావచ్చో అపాచీకి చెప్పే ఫైలు) పాస్‌వర్డ్ ఫైలు పేరు మాత్రమే రాశాడు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి దారి రాయలేదు. పక్కనే ఉన్న ఫైలు కదా, అదే తీసుకుంటుందిలే అనుకున్నాడు. అపాచీ అలా తీసుకోదు. పూర్తి దారి ఇవ్వకపోతే తన సొంత మూల ఫోల్డర్ (సర్వర్ రూట్) నుంచి లెక్కపెడుతుంది, ఉబుంటులో అది ఈటీసీలోని అపాచీ2. అక్కడ ఫైలు లేదు. పాస్‌వర్డ్ కొట్టేదాకా ఆ ఫైలు తెరవాల్సిన అవసరం రాదు కాబట్టి పెట్టె మామూలుగానే వస్తుంది, కొట్టగానే 500 వస్తుంది. నేను తప్పు పాస్‌వర్డ్ కొట్టినా అదే ఎర్రర్ ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. అపాచీ సెట్టింగులు పరీక్షించే కాన్ఫిగ్ టెస్ట్ చేసినా ఈ తప్పు దొరకదట. హెచ్‌టీయాక్సెస్‌ని అపాచీ మొదట్లో చదవదు, పేజీ అడిగిన ప్రతిసారీ చదువుతుంది. అందుకే దాన్ని దిద్దాక రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

హెచ్‌టీయాక్సెస్‌లో దారి దిద్ది, అలౌ యూజర్స్ లైను తీసేసి మామూలుగా బూట్ చేశాడు. తెరుచుకోలేదు. అదే పర్మిషన్ డినైడ్. నా గుండె జారింది. ఆయన మాత్రం ఒడియాలో ఏదో గొణుక్కుని మళ్లీ రెస్క్యూలోకి వెళ్లాడు. ఈసారి ఒక ఫైలు కాదు, ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ మొత్తంలో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికించాడు. ఉబుంటులో అసలు కాన్ఫిగ్ ఫైలుతో పాటు పేరు చివర డాట్ డీ ఉన్న ఫోల్డర్ ఒకటి ఉంటుంది, అందులో పెట్టినవి కూడా లెక్కలోకి వస్తాయి. మా వాడు రెండు చోట్లా రాసి పెట్టాడు. రెండోదీ తీసేశాడు.

అదే ఊపులో కీ కూడా మార్చించాడు. పాత కీ కాపీలు సైటు కట్టిన అబ్బాయి దగ్గరా ఉన్నాయి, ఇంకెవరి దగ్గరున్నాయో తెలియదు. కొత్త కీ నా లాప్‌టాప్‌లో తయారుచేయించి, దాని పబ్లిక్ భాగం (బయట పెట్టినా ఫర్వాలేని సగం) మాత్రమే సర్వర్‌లో పెట్టాడు. రెస్క్యూలో ఉండగా ఫైలు సృష్టిస్తే అది రూట్ పేరు మీద పడుతుంది. మిగతావాళ్లు చదవకుండా మూసి ఉంటే మన యూజర్ కూడా దాన్ని చదవలేడు, కీ సరైనదే అయినా లోపలికి రానివ్వదు. ఆ ఫైలుని మన యూజర్ పేరు మీదికి మార్చాలంటే రెస్క్యూ లినక్స్‌కి మన యూజర్ పేరు తెలియదు, నంబరుతోనే చెప్పాలి. మాది 1000. ఆయన ఈ సంగతి చెబుతూ చేస్తుంటే నేను నా లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. బూట్ అయింది, లోపలికి వెళ్లాం. అక్కడే కూర్చుని రేట్లు మార్చి, సేలం ఆయనకి కొత్త స్క్రీన్‌షాట్ పంపాను. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నాడు.

పని అయిపోయిందనుకుని లేస్తుంటే కూర్చోమన్నాడు. మా వాడు చేయాలనుకున్న సెక్యూరిటీ తప్పేం కాదని, చేసిన వరుసే తప్పని, దాన్ని సరిగ్గా చేసి పంపిస్తానని అన్నాడు. ఒక కిటికీలో లాగిన్ అయి దాన్ని అలాగే తెరిచి ఉంచాడు. కాన్ఫిగ్ మార్చాక ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ అనే కమాండ్ కొట్టి స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. లేని యూజర్ పేరు రాస్తే ఈ పరీక్ష పట్టుకోదని కూడా చెప్పాడు. అందుకే రీస్టార్ట్ చేశాక పాత కిటికీ మూయకుండా రెండో కిటికీలోంచి కొత్తగా లాగిన్ అయి చూపించాడు. దానికి ముందే ఇంకో జాగ్రత్త తీసుకున్నాడు: మనం రద్దు చేయకపోతే పది నిమిషాల్లో పాత కాన్ఫిగ్ దానంతటదే వెనక్కి వచ్చేలా టైమరు పెట్టాడు. రైల్లో సిగ్నల్ పోయినా పర్వాలేదన్నమాట. ఈ మాట మా వాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు పాపం.

రేట్ల పేజీ పాస్‌వర్డ్ ఫైలుని సైటు ఫోల్డర్ బయటికి మార్చి, ఆ కొత్త చోటి పూర్తి దారి రాశాడు. నాకొక పేరు, మావయ్యగారికొక పేరు. ఆ ఫైలు తయారుచేసే కమాండ్‌లో హైఫన్ సీ మొదటి పేరుకే వాడాలి. రెండో పేరుకి కూడా వాడితే పాత ఫైలు పోయి కొత్తది మొదలవుతుంది. కన్సోల్ దారి తెరిచి ఉండేలా మా యూజర్‌కి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టించాడు. అది కాగితం మీద రాయించాడు, కంప్యూటర్లో వద్దన్నాడు. మావయ్యగారు ఆ కాగితాన్ని భూమి పత్రాలతో పాటు ఇనప్పెట్టెలో పెట్టారు. ఆయన పేరు మీద సృష్టించిన లాగిన్‌తో మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు.

బ్యాకప్ ఇప్పుడు ప్రతి రాత్రీ మా ఆఫీసు కంప్యూటర్‌కి దిగుతోంది. ఆ పనికి విడిగా డబ్బులు తీసుకోలేదు.

ఖర్చు 3,500 అన్నాడు. మొదట తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. అది నాకు కుదరదు, లెక్కలు రాసేది నేనే. పక్కా బిల్లు అడిగితే 9 శాతం సీజీఎస్టీ, 9 శాతం ఎస్‌జీఎస్టీ కలిపి 4,130 అయింది. డబ్బు ఇచ్చాను, కానీ బిల్లు ఆయన అడగకముందే ఇవ్వాల్సింది. వెళ్లేవాళ్లు పక్కా బిల్లు కావాలని ముందే చెప్పండి.

ఇంకొన్ని ఫిర్యాదులున్నాయి. స్నాప్‌షాట్ తీయించడం మంచిదే, కానీ దానికి హోస్టింగ్ కంపెనీ నెలనెలా జీబీ లెక్కన వసూలు చేస్తుందని చెప్పలేదు. పని సజావుగా అయిపోయాక తీసేయమని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తర్వాతి ఇన్‌వాయిస్‌లో చూసి తీసేశాను. పెద్ద మొత్తం కాదు, అయినా చెప్పాలి కదా.

టైమింగ్స్ అయితే అన్యాయం. బోర్డు మీద పది గంటలని ఉంటుంది, పదకొండున్నరకి ముందు షట్టర్ లేవదు. జేకేపూర్ వైపు కెమెరాలు బిగించడానికి వెళ్లాడంటే ఫోను ఎత్తడు, కుర్రాళ్లకి సర్వర్ పని రాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆయన కంప్యూటర్‌కి మాత్రమే, ఫ్యాన్‌కి లేదు. ఏప్రిల్‌లో ఆ మేడ మీద కూర్చోవడం ఒక శిక్ష. మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లని తీసుకెళ్లకండి.

కొత్త వెబ్‌సైటు కట్టించుకోవాలంటే ఈయన దగ్గరికి వెళ్లకండి. ఆయన కట్టిన రెండు మూడు చూపించాడు, రంగులు చూస్తే కళ్లు నొప్పి పుట్టాయి. ఉన్నది పాడైతే వెళ్లండి. వెళ్లేటప్పుడు సర్వర్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఇన్‌వాయిస్, ఓటీపీ వచ్చే ఫోను, ప్యానెల్ లాగిన్ తెలిసిన మనిషి, ఈ మూడూ ఉండాలి. ప్యానెల్ ఖాతా మీ పేరున కాకుండా సైటు కట్టినవాడి పేరున ఉంటే ఆయన ముట్టుకోడు, ముందు ఆ ఖాతా మీ పేరుకి మార్పించుకుని రమ్మంటాడు. నేను ఉండగానే జయపురం నుంచి వచ్చిన ఒకాయన్ని అలాగే పంపేశాడు. వచ్చినాయన ఎంత ఎక్కువ ఇస్తానన్నా ఈయన వినలేదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటీ టైమింగ్స్‌కీ, స్నాప్‌షాట్ బిల్లుకీ కలిపి. ప్రింటర్ టోనర్ మాత్రం ఇక్కడ కొనకండి, అదే డబ్బా పార్వతీపురంలో తక్కువకి దొరుకుతుంది.